నవ్వుడు వేరు, ఎక్కిరించుడు వేరు

(సినిమా, టీవీ హాస్యం మీద విద్యార్థి, ఉద్యోగ మిత్రుల ముందట చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ళ గురించి, కొలువుల గురించి లెక్కలతోటి చెప్పగలిగేటోళ్ళు ఈ సభలో మాకన్న మస్తుమంది ఉన్నరు. మేము సినిమా పిచ్చి ఉన్నోళ్ళం. టీవీ ముందట కూసుంటే అన్నం సంగతి మర్చిపోయేటోళ్ళం. అందుకని మాకు తెలిసిన ముచ్చటే చెప్తం. మేము ఏ కామెడీలకు కడుపుబ్బ నవ్వినం, ఏ కామెడీలకు నవ్వు రాలే, ఎందుకు రాలే అన్నదే ఇయ్యాల్టి ముచ్చట.

ఇంత పెద్ద సభలో నవ్వుల ముచ్చటేంది అని కొందరికి అనిపించవచ్చు. ఒక్క మాట ఆలోచించుండ్రి. ఒక మనిషిని కొడితే కేసయితది. అదే మనిషి నోరు తెరిస్తే పదిమంది ఆ మాటకు నవ్విండ్రనుకో, ఏ ఠాణాలో కేసు కాదు. కాని ఆ మనిషి మల్ల ఆ పదిమంది ముందట నోరు తెరువడు. నవ్వుకు అంత బలం ఉన్నది. మనిషిని దగ్గరికి తీస్తది, మనిషిని మూలకు కూసోబెడతది. అందుకే నవ్వు గురించి కూడ మాట్లాడుకోవాలె.

మేము మెచ్చిన నవ్వులు

ముందుగాల ప్రేమ ముచ్చట. కోస్తా రచయితలు, దర్శకులు పంచిన హాస్యాన్ని మేము ప్రేమగనే అందుకున్నం. జంధ్యాల తీసిన 'చంటబ్బాయ్' (1986), 'అహ నా పెళ్ళంట' (1987) ఎన్నిసార్లు చూసినమో లెక్కలేదు. 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి లక్ష్మీపతి వేషం యాది చేసుకోండ్రి. కోడికూర తినాలని పానం గుంజుతది, పైసలు పెట్టబుద్ధి కాదు. కోడిని కండ్ల ముందట యాలాడగట్టుకొని, దాన్ని చూసుకుంట ఒట్టి అన్నం తింటడు. ఆ మనిషిది ఏ జిల్లా అని ఎవరూ అడుగరు. అక్కడ నవ్వు పిసినారితనం మీద. అసొంటోడు ప్రతి ఊర్ల ఒకడుంటడు. మన ఇంట్ల కూడ ఉండొచ్చు. అందుకే నలభై ఏండ్లు కావస్తున్నా ఆ సీను పాతబడలే.

ఇగ టీవీలో మాకు అన్నిటికన్న ఇష్టమైంది 'అమృతం'. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రి వచ్చింది. గుణ్ణం గంగరాజు ఆ సీరియల్ ను మూడు వందలకు పైగా భాగాలు నడిపించిండు. అమృతం వేషం మొదట శివాజీరాజా వేసిండు, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. ముగ్గురు మారినా ఆ పాత్ర మారలే. ఆంజనేయులుగ చేసిన గుండు హనుమంతరావు 2018లో పోయిండు. ఆయన అయోమయపు చూపు మాత్రం ఇంకా కండ్ల ముందట్నే ఉన్నది. హోటల్ల సర్వం, ఇంటి ఓనరు అప్పాజీ కూడ అంతే, పేరు చెప్తేనే నవ్వొస్తది.

కథేముండేది? ఇద్దరు దోస్తులు ఒక చిన్న హోటల్ నడుపుతరు. ఎట్లనన్న తొందరగ పైకి రావాలె. వారం వారం ఒక కొత్త పథకం, వారం వారం అది బోర్లపడుడు. అంతే. ఒకరి శరీరాన్ని చూసి నవ్వింది లేదు, ఒకరి కులాన్ని చూసి నవ్వింది లేదు. ఆడోళ్ళను తిట్టి నవ్వించే పని పెట్టుకోలే. సంజీవని, శాంత ఇద్దరూ మొగుళ్ళకన్న తెలివిగల్లోళ్ళే. ఆ ఇండ్లల్ల మాట కోస్తా మధ్యతరగతి మాట. అయినా ఇక్కడి ఇండ్లల్ల తాత నుంచి మనుమడి దాకా కూసొని చూసినం. ఎందుకంటే అప్పుచేసి గొప్పలకు పోయే ఆశ అందరిదీ. మాట మనది కాకపోతే నవ్వం అనే మొండితనం మాకు ఎన్నడూ లేదని చెప్పేతందుకే ఇదంతా చెప్తున్నం.

ముల్లు గుచ్చుకున్న జాగ

మరి ముల్లు యాడ గుచ్చుకున్నది? అదే కోట శ్రీనివాసరావు 'అహ నా పెళ్ళంట'కు రెండేండ్ల ముందు, 1985లో, టి.కృష్ణ తీసిన 'ప్రతిఘటన'లో మంత్రి కాశయ్య వేషం వేసిండు. గొప్పగ చేసిండు. 2025 జులైలో ఆయన కన్నుమూసేదాక మేము ఆయన అభిమానులమే, ఇప్పటికీ అభిమానులమే. నటుని మీద మాకు తగాద లేదు. ఆ సినిమాలో పాఠాలు చెప్పే లెక్చరరమ్మది ఒక మాట. రౌడీలను వెనకేసుకొచ్చే మంత్రిది మన మాట. తగాదంతా ఆ పంపకం మీద.

సినిమా ఆడింది. సినిమా వాళ్ళకు ఒక సూత్రం దొరికింది. అప్పటిసంది ఏండ్లకొద్ది అదే. హీరోది ఒక మాట, హీరోయిన్ ది అదే మాట, వాళ్ళ అమ్మానాయిన, డాక్టరు, జడ్జి అందరిదీ అదే. మన మాట ఎవరికి ఇచ్చిండ్రు? వసూళ్ళ రౌడీకి, కల్లు దుకాణం కాడ తూలేటోనికి, గేటు కాడ నిలబడ్డోనికి, గయ్యాళి అత్తకు. మహారాష్ట్ర మూలాలున్న ఒక మంచి నటికి మన మాట బాగ వచ్చినందుకు 'తెలంగాణ శకుంతల' అని పేరు పడ్డది. ఆ పేరుతోటి ఆమెకు వచ్చిన వేషాలేంది? అరిచేది, బెదిరించేది. ఆమెతోటి ఒక ప్రేమగల్ల తల్లి వేషం వేయించాలని ఎంతమందికి తోచింది? రాష్ట్రం వచ్చిన 2014 జూన్ నెలలోనే ఆమె పోయింది.

ఇది మన ఒక్కరి గోస కాదు. శ్రీకాకుళం మాటను పనిమనుషులకు కట్టబెట్టిండ్రు. రాయలసీమ మాటను బాంబులేసేటోళ్ళకు రాసిచ్చిండ్రు. హిందీ సినిమా కూడ తక్కువ తిన్నదేం కాదు. 1965లో వచ్చిన 'గుమ్నామ్'లో మెహమూద్ బంగ్లా వంటమనిషి వేషం వేసిండు. ఆ పాత్రకు హైదరాబాదీ దక్కనీ మాట పెట్టిండ్రు. బొంబాయి కండ్లకు హైదరాబాద్ ఉర్దూ నవ్వులాట, మద్రాసు స్టూడియోల కండ్లకు తెలంగాణ తెలుగు నవ్వులాట. పెత్తనం చేసే మాట యాడున్నా, పక్క మాటను వంటింట్లకో గేటు కాడికో తోలుతది.

దీంతోటి ఏం నష్టం అని అడిగేటోళ్ళు ఇప్పటికీ ఉన్నరు. సినిమాను సినిమాలెక్క చూడాలె అంటరు. ఊర్ల నుంచి నగరానికి చదువుకోను వచ్చిన ఒక పిల్లను తలుసుకోండ్రి. క్లాసుల లేచి జవాబు చెప్తది. జవాబు సక్కగనే ఉంటది. వెనక బెంచి నవ్వుతది. ఎందుకు? ఆ మాట విన్నప్పుడల్లా నవ్వాలని మూడు గంటల సినిమా వాళ్ళకు నేర్పింది. తెల్లారి ఆ పిల్ల లేవదు. తర్వాత ఇంటర్వ్యూలో తన మాటను గొంతులనే నొక్కిపెట్టి, అద్దెకు తెచ్చుకున్న మాట మాట్లాడతది. సగం తెలివి ఆ మాటను సరిజేసుకునుడుకే ఖర్చయితది. ఇక్కడున్న ఉద్యోగులు ఎంతమంది ఆఫీసుల ఒక మాట, ఇంట్ల ఒక మాట మాట్లాడిండ్రో మేము చెప్పే పనిలేదు. ఈ నష్టానికి జీవో లేదు, లెక్క లేదు.

ఒక పరీక్ష

నవ్వుడును, ఎక్కిరించుడును ఎట్ల విడదీయాలె? మేము ఒక పరీక్ష పెట్టుకున్నం. సీనులోని మాటను వేరే జిల్లా మాటలోకి మార్చి చూడండ్రి. ఇంకా నవ్వొస్తే అది హాస్యం. లక్ష్మీపతి కోడికూర ఏ మాటలో చెప్పినా నవ్వొస్తది. మాట మార్చంగనే సీనుల ఏమీ మిగలకపోతే ఆ రచయిత నవ్వు పుట్టించలే, ఒక జనం నోటిని చూపించి నవ్వుమన్నడు.

అయితే ఈ పరీక్షకు ఒక మినహాయింపు ఉన్నది. మన సామెత, మన నుడికారం, మన ఎత్తిపొడుపు వేరే మాటలోకి మార్చితే సచ్చిపోతది. పెద్దవ్వ గడప మీద కూసొని అల్లుణ్ణి ఒక్క మాట అంటే వాడ మొత్తం నవ్వుతది. ఆ నవ్వు మాట లోపలి తెలివితోటి వచ్చింది. అక్కడ మాట్లాడేటోళ్ళే నవ్వించేటోళ్ళు. రెండిటి నడుమ తేడా అంతే. నవ్వు పగ్గాలు ఎవరి చేతుల ఉన్నయో చూడాలె.

పగ్గాలు మన చేతికి వచ్చిన తీరు

'ప్రతిఘటన'లో లెక్చరర్ గ చేసిన విజయశాంతి 1992లో 'మొండిమొగుడు పెంకిపెళ్ళాం'లో హీరోయిన్ గ మన మాట మాట్లాడింది. నవ్వించింది, గెలిచింది. హీరోయిన్ నోట్ల ఆ మాట వినంగనే థియేటర్ల ఎంత సంబురమయ్యేదో అప్పటోళ్ళకు ఎరుకే. 1993లో శివనాగేశ్వరరావు 'మనీ' తీస్తే అందుల బ్రహ్మానందం ఖాన్ దాదా. హైదరాబాద్ గల్లీల దర్పం, ఆ దర్పం తుస్సుమనుడు రెండూ ఒక్క మనిషిల చూపించిండు. దాదాగిరి మీద నవ్వినం. ఇప్పుడు చూసినా నవ్వుతం.

తర్వాత ఒక చిన్న సినిమా పెద్ద పని చేసింది. కుంట నిఖిల్ తీసిన 'ది అంగ్రేజ్'. పెద్ద తారలు లేరు, పెద్ద ఖర్చు లేదు. విదేశం నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలు హైటెక్ కొలువులకు వస్తరు. చార్మినార్ కాడ ఇస్మాయిల్ భాయ్ గ్యాంగు ముచ్చట్లు పెట్టుకుంట కూసుంటది. ఈ రెండు లోకాలకు తగాద. మెహమూద్ కాలంలో వంటింట్ల ఉన్న దక్కనీ మాట ఇండ్ల తెర నడుమకు వచ్చి కూసున్నది. సలీం ఫేకు కోతలు, ఇస్మాయిల్ భాయ్ గప్పాలు పాతబస్తీ పిల్లలకే కాదు, నల్లగొండ పిల్లలకు కూడ నోటికొచ్చినయి. అదే కాలంలో 'హైదరాబాద్ నవాబ్స్' వచ్చింది. ఇంగ్లీషు మాట్లాడేటోడు తెల్లబోతుంటే చార్మినార్ కాడి బేకారు పిల్లలు నవ్వుడు, అది వరకు మనం చూడని సీను.

ఉద్యోగ మిత్రులకు మేము ప్రత్యేకంగ చెప్పే సినిమా ఒకటున్నది. శ్యాం బెనెగల్ 'వెల్ డన్ అబ్బా', 2010. బెనెగల్ మన దగ్గర పుట్టి పెరిగిన మనిషి. 1974లనే 'అంకుర్'ను మన పల్లెలో తీసి దక్కనీ మాటకు గౌరవమిచ్చిండు. 'వెల్ డన్ అబ్బా'కు హైదరాబాద్ ఉర్దూ రచయిత్రి జీలానీ బానూ కథ ఒక ఆధారం. బొంబాయిలో డ్రైవర్ గ చేసే అర్మాన్ అలీ సెలవు మీద ఊరికొస్తడు. సర్కారు పథకంలో బావికి దరఖాస్తు పెడతడు. మంజూరైన పైసలు ఒక్కో బల్ల కాడ కొన్ని కొన్ని రాలిపోతయి. ఆఖరుకు కాయిదంలో బావి ఉంటది, భూమిల ఉండదు. అప్పుడు తండ్రీబిడ్డలు ఏం చేస్తరు? ఠాణాకు పోయి, మా బావిని ఎవరో ఎత్తుకపోయిండ్రు, దొరకబట్టి ఇయ్యిండ్రని ఫిర్యాదిస్తరు! కాయిదంలో బావి ఉన్నది గద, మరి లేదని అధికారి ఎట్ల చెప్తడు? ఫైలు ముచ్చట తెలిసినోళ్ళకు ఈ సీను కాడ నవ్వు ఆగదు, నవ్వినంక నిద్ర రాదు. అర్మాన్ అలీ యాసను చూసి ఎవ్వరూ నవ్వరు. ఆ యాసతోటే ఆయన సర్కారును నవ్వులపాలు చేసిండు. ఈ సినిమాకు జాతీయ అవార్డు కూడ వచ్చింది. బెనెగల్ 2024 డిసెంబరులో పోయిండు. ఆయనను తలుసుకునుడు మన బాధ్యత.

ఇగ టీవీ. వి6లో తీన్మార్ వార్తలు వచ్చినప్పుడు వార్తలను గిట్ల కూడ చదువుతరా అని ముక్కు ఇరిచినోళ్ళున్నరు. రాత్రి కాంగనే వాళ్ళే టీవీ ముందట కూసున్నరు. బిత్తిరి సత్తి ఏమీ తెల్వని పోరని వేషం గట్టి, అన్నీ తెలిసినోళ్ళ గాలి తీసిండు. సావిత్రి ఆయన మాటకు మాట ఇచ్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లె పిల్లలు 'మై విలేజ్ షో' అని యూట్యూబులో పెట్టిండ్రు. ఆ ఊరి గంగవ్వ పెద్ద వయసులో లోకానికి ఎరుకైంది, 2020లో బిగ్ బాస్ దాకా పోయింది. ఆమెకు ఎవరూ మాట నేర్పలే. నేర్పే పనిలేకనే ఆమె గంగవ్వ అయింది.

బలగం దాకా

రాష్ట్రం వచ్చినంక తెర మీద మార్పు నిదానంగ వచ్చింది. 2016లో తరుణ్ భాస్కర్ 'పెళ్ళి చూపులు' తీసిండు. ప్రియదర్శి చేసిన దోస్తు వేషం మన మాట మాట్లాడతది, కాని ఆ మాట కోసం ఎవరూ నవ్వలే. దోస్తు మీద దోస్తుకుండే చిరాకు, ప్రేమ కలిసి నవ్వు పుట్టించినయి. ఆ సినిమాకు తెలుగులో ఉత్తమ చిత్రంగ, దేశం మొత్తంలో ఉత్తమ సంభాషణలకు జాతీయ అవార్డులొచ్చినయి. ఒకప్పుడు మాట పనికిరాదన్నరు, ఆ మాటలకే అవార్డు. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా'లో బాన్సువాడ భానుమతి వచ్చింది. తెలుగు తల్లిభాష కాని సాయిపల్లవి మన మాట నేర్చుకొని తనే డబ్బింగు చెప్పింది. చేతగాదన్నోళ్ళందరికి అది జవాబు.

2021లో అనుదీప్ 'జాతి రత్నాలు'. జోగిపేట పిల్లలు ముగ్గురు హైదరాబాదొచ్చి కేసుల ఇరుక్కుంటరు. సగం అయినంక కథ ఎటు పోతదో దానికే తెల్వదు. అయినా కోర్టు సీను కాడ మేము కుర్చీల ఉండలే. కథ గట్టిగ లేకున్నా నవ్వు నిజాయితీది. వాళ్ళ తెలివితక్కువ మీద వాళ్ళే మనకన్న ముందు నవ్వుతరు.

మా లెక్కల అన్నిటికన్న పైన 'బలగం' ఉంటది. 2023 మార్చిలో వచ్చింది. తీసింది సిరిసిల్ల వేణు ఎల్దండి. జబర్దస్త్ లో నవ్వించిన మనిషి, ఏండ్లు చిన్న వేషాలే వేసిన మనిషి. సినిమా ఎక్కువ భాగం సావు ఇంట్లనే నడుస్తది. తాత కొమురయ్య పోయిండు. మనుమడు సాయిలుకు ఏడుపే, కాని ఏడుపు తాత కోసం కాదు. లగ్గం ఆగితే కట్నం రాదు, కట్నం రాకపోతే అప్పు తీరదు. సావు కాడ ఇంత నిజాన్ని నవ్వించుకుంట చెప్పుడు తెలుగు సినిమాలో మేము శానా తక్కువ చూసినం. అన్నదమ్ములకు, బావకు ఇరవై ఏండ్ల పగ. పగకు మూలం నల్లిబొక్క! విన్నప్పుడు నవ్వొస్తది. కాసేపటికి మన ఇంట్ల కొట్లాట యాదికొస్తది. అది కూడ గంతే ఉంటది, ఒక బొక్క కాడనో, ఒక పిలుపు కాడనో. పెట్టిన కూడు పిట్ట ముట్టదు. ఎందుకు ముట్టదో ఇంటిల్లిపాదికి ఎరుకే, ఎవరూ నోరు తెరువరు. ఆఖరుకు బుడిగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాటెత్తుకున్నంక అందరూ ఏడుస్తరు. ఊర్లల్ల బయలు జాగల తెరగట్టి ఈ సినిమా చూసిండ్రు. మొగిలయ్య 2024 డిసెంబరులో పోయిండు.

'బలగం'లో ఒక్క మనిషి కూడ యాస కోసం పెట్టిన మనిషి కాదు. మంచోడు, పిసినారి, తాగేటోడు, అలిగినోడు అందరిదీ ఒక్కటే మాట. అందరిదీ ఒక్కటే మాట అయినప్పుడు మాట మీద నవ్వేది ఉండదు. మనిషి మీదనే నవ్వుతం, మనిషి కోసమే ఏడుస్తం. మేము ఇన్నేండ్లు కోరుకున్నది గదే.

కొత్త గేటు కాడ

ఇంతటితోటి సంబురపడి ఇంటికి పోదామంటే మనసు ఒప్పుతలేదు. ఒక కొత్త గేటు తయారైతున్నది. 2022లో 'డీజే టిల్లు' వచ్చింది. సిద్ధు జొన్నలగడ్డ మాట విసురు మాకు నచ్చింది. కాని అది ఆడినంక అసొంటి పిల్లగాడే ప్రతి కథల కనబడుతున్నడు. తెలంగాణ అంటే మందు, మటన్, మాటకొక బూతు. రౌడీ వేషం పోయి తాగుబోతు హీరో వేషం వచ్చింది. గోదావరిఖని నుంచి పోయిన రమేష్ మంచి నటుడు. పరిశ్రమ ఆయన పేరు ముందట 'తాగుబోతు' తగిలించింది. తాగని మనిషిగ ఆయన ఎట్ల నవ్విస్తడో చూడాలని మాకు ఉన్నది. మన ఊర్లల్ల తాగనోళ్ళు లేరా? లైబ్రరీ పిచ్చోళ్ళు, చీటీలు ఎత్తుకొని ఎగ్గొట్టేటోళ్ళు, పంచాయతీ చెప్పబోయి తన్నులు తినేటోళ్ళు నవ్వులకు పనికిరారా?

జబర్దస్త్ మీద కూడ ఒక మాట. 2013లో మొదలైనప్పుడు మన జిల్లాల పిల్లలకు అది తలుపు తెరిచింది, కాదనం. కాని మొగోళ్ళకు చీర కట్టి తన్నుడు, నల్లగ ఉన్నోణ్ణి, లావుగ ఉన్నోళ్ళను చూపించి నవ్వుమనుడు, పెండ్లాన్ని తిట్టుడు ఇవన్నీ హాస్యం ఎట్లయితయి? మన మాటను ఎక్కిరిస్తే పౌరుషం వచ్చిన మనకు, ఇంకొకరి రంగును ఎక్కిరిస్తే ఎట్ల నవ్వొస్తది? మనం పెట్టుకున్న పరీక్ష మనకు కూడ వర్తిస్తది.

పక్కోళ్ళ నుంచి నేర్చుకునేది కూడ ఉన్నది. విశాఖ గల్లీల మనుషులతోనే తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018), గుంటూరు హోటల్ ముచ్చట 'మిడిల్ క్లాస్ మెలొడీస్' (2020), ఆటో డ్రైవర్ కు కెమెరా దొరికితే ఏమైతదో చెప్పిన 'సినిమా బండి' (2021) చూడండ్రి. వాళ్ళ నేల మాట వాళ్ళు తెర నడుమకు తెచ్చుకున్నరు. మనం కొట్లాడింది మన మాట ఇంకొక మాట మీద కూసునేతందుకు కాదు.

విద్యార్థి మిత్రులారా, మీ కాలేజీ వార్షికోత్సవంలో టీవీ స్కిట్టును మక్కికి మక్కి దించకండ్రి. మీ అవ్వ నోట్ల ఉన్న ఎత్తిపొడుపులు రాసుకోండ్రి, అవ్వతోటే పోకముందే. ఉద్యోగ మిత్రులారా, ముప్ఫై ఏండ్లు ఫైళ్ళ నడుమ మీరు చూసిన తమాషాలు ఏ రచయితకూ తెల్వవు. రిటైరైనంక రాస్తమని ఆపకండ్రి. ఇగ మనందరం చేయగలిగేది ఒకటుంది. పక్కోని మాటకో రంగుకో నవ్వుమని తెర మీద అడిగినప్పుడు నవ్వకుండ కూసుందాం. థియేటర్ల నలుగురు నవ్వకపోతే ఐదోవాడు అనుమానపడతడు. కౌంటరు కాడ టికెట్లు తగ్గితే నిర్మాతకు తెలివొస్తది. 'బలగం' అసొంటిది వస్తే మాత్రం ఇంటిల్లిపాది పోయి, పగబట్టిన పాలోళ్ళను కూడ తోలుకపోయి చూద్దాం.